ముడత పడాల్సిన చోటు

టైలరు స్తంభాన్ని తెరచాప అంచులోకి దూర్చి, అడ్డబద్దలు ఒక్కొక్కటే బిగించి, కింది తాడును కప్పీల గుండా పోనిచ్చి లాగడం మొదలుపెట్టాడు. లాగేకొద్దీ స్తంభం వంగింది. తెరచాప పై అంచు వదులై గడ్డి మీద వాలిపోయింది. అది చూసి ఆయనకి ఒళ్ళు మండింది. తాడు కాస్త సడలించి, గుడ్డ నున్నగా అయ్యాక ముడేశాడు. అది ఆయన భార్య తెరచాప, కాబట్టి ఇంకోసారి చేత్తో నిమిరాడు.

బట్టలు కుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. సరస్సు ఒడ్డున ఈ రేకుల షెడ్డులో తెరచాప పట్టుకుని గాలికి నీళ్ళ మీద దూసుకుపోయే విండ్‌సర్ఫింగ్ బోర్డులు అద్దెకిచ్చే వ్యాపారం భార్యది. నీళ్ళ మీదికి వెళ్ళేదీ ఆవిడే. ఆయనకి మోకాలు తడిస్తే జలుబు. తెరచాపలు బిగించడం మాత్రం ఆయన పని. ఎక్కడ ముడత కనబడినా ఎవరో తన పరువు తీసినట్టు చూస్తాడు. ఓసారి బస్సులో ముందు నిలబడ్డవాడి కాలరు సర్ది చీవాట్లు తిన్నాడు కూడా.

"ఇక నావల్ల కాదండీ," అంది భార్య, టీ గ్లాసు అందిస్తూ. "గాలి కాస్త పెరిగితే చాలు, చేతులు ఊడిపోతున్నాయి. ఈ సీజను అయ్యాక నా బోర్డు కూడా అద్దెకి పెట్టేయండి."

"వయసొచ్చింది మరి," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

 ఆవిడ మొహం వెలిగేది నీళ్ళ మీదే. ఆవిడ ఒడ్డున కూర్చుని రసీదులు రాసుకుంటూ ఉండటం ఊహించుకుంటే ఆయనకి దిగులేసింది.

మధ్యాహ్నం కొత్త తెరచాప వచ్చింది. దాని పైభాగంలో ఒక చుక్క అచ్చువేసి ఉంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు వదులు ఇక్కడిదాకా రావాలని పక్కనే బొమ్మ.

"ఇదేం ఖర్మ! ముడతలు కూడా వాళ్ళే చెప్పి పెట్టిస్తారా?"

భార్యకి చూపించి నవ్వుకుందామనే వదులు చుక్కదాకా వచ్చేలా తాడు లాగాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం సలుపుతోంది, అయినా లాగాడు.

"ఆరేసిన దుప్పటిలా ఉందండీ," అని నవ్వి, ఆవిడ దాన్నే బోర్డుకి తగిలించుకుని వెళ్ళింది.

ఆయన ఒడ్డున నిలబడి చూశాడు. పెద్ద గాలి వచ్చింది. మామూలుగా అయితే ఆవిడ వెనక్కి వాలిపోయి, చేతులు గుంజుకుపోయి, తెరచాప వదిలేసేది. ఈసారి పై అంచు తెరుచుకుని ఎక్కువైన గాలిని వదిలేసింది, మళ్ళీ సర్దుకుంది. ఆవిడ కదలకుండా నిలబడి దూసుకుపోయింది.

ఆయనకి తలకొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ పైనుంచి పోవాల్సిన గాలిని నున్నగా కుట్టేసినట్టు ఆపేసి, ఆ బరువంతా పెళ్ళాం చేతుల మీద వేశాడు. పైగా వయసొచ్చిందన్నాడు. సిగ్గేసింది. దాని వెనకే పట్టరాని సంతోషం కూడా వేసింది. ఆవిడ మానక్కర్లేదు.

గబగబా వెళ్ళి ఆవిడ పాత తెరచాప ముందేసుకుని, ముడి విప్పి మళ్ళీ లాగడం మొదలుపెట్టాడు.

ఎండ తగ్గాక ఆవిడ తడి బట్టలతో నవ్వుకుంటూ వచ్చింది. ఆయన షెడ్డు గోడకి ఆనుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెల మీదికి వాలి ఉంది.

"ఏవండీ, చేతులు నొప్పి పుట్టలేదండీ! ఒక్కసారి కూడా పడలేదు. రేపు కూడా మీ దుప్పటే కట్టండి."

ఆయన పలకలేదు.

"నిద్రపోయారా?"

భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తరవాత ఆ పక్కనే కూలబడి, చల్లబడిన ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

పక్క షెడ్డువాళ్ళు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆవిడా వాళ్ళ వెంట వెళ్ళింది. పాత తెరచాప గడ్డి మీదే ఉండిపోయింది. పై అంచంతా వదులై ముడతలు పడి ఉంది, ఆ ముడతలు ఆగిన చోట టైలరు సుద్దతో గీసిన చిన్న నీలం గీత ఉంది.