అంతా నిజమే, నిజమంతా

మా అక్క మొగుణ్ణి అందరూ జిడ్డు బావ అంటారు. నా కుట్టుకొట్టు మింగింది వాడే. నోటితో కాదు, ఒట్టుతో.

వాడికి ఒట్టంటే తుమ్ముతో సమానం. వస్తే ఆపుకోడు. "అమ్మతోడు, రేపు తెస్తా" అంటాడు. వాళ్లమ్మ పోయి పదకొండేళ్లయింది, ఇంకా ఆవిడ నెత్తిమీంచి చెయ్యి తియ్యడు. నేను మాత్రం బుద్ధెరిగాక ఒక్క ఒట్టూ వెయ్యలేదు. వేస్తే నిలబడాలని ఎవరో చెప్పారు. ఐదో తరగతిలో బడి మానేసిన వెధవని, నమ్మాను.

ఆ కొట్టు మా నాన్న నాకిచ్చింది. నోటిమాటే, కాగితం లేదు. ఆయన పోగానే బావ, "మామయ్య మా ఆవిడకిచ్చాడు" అంటూ కోర్టుకెక్కాడు.

బోనులోకి ముందు వాడే ఎక్కాడు. బంట్రోతు నోరు తెరవకముందే ప్రమాణం గడగడా అప్పజెప్పేసి, "ఆఖరి ఘడియల్లో మా చేతులు పట్టుకుని ఇచ్చారండీ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఘడియల్లో వాడసలు ఊళ్లోనే లేడు. దేవుడి ఎదుట ప్రమాణమన్నారు గానీ, ఆయనా ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాడు.

తర్వాత నేను. "అంతా నిజమే చెప్తాను" అని నాచేత అనిపించాడు బంట్రోతు. అంతానా! నా మొదటి ఒట్టు, నిలబడాలిగా.

"కొట్టు నీకిస్తానని మీ నాన్న అన్నాడా?" అడిగాడు మా ప్లీడరు.

"అన్నాడండి."

"చాలు, దిగు."

"అయిపోలేదండి. అప్పుడాయన తాగున్నాడు. సగం మా కుక్కకి కూడా రాసిస్తానన్నాడు."

జడ్జిగారు కళ్లద్దాలు తీశారు. "మత్తు దిగాక ఏమన్నాడు?"

"'నేనేమన్నాన్రా?' అన్నాడండి."

బయట వరండాలో ప్లీడరు నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే నాయనా! చెప్పేదంతా నిజం చెప్పమన్నారు గానీ, నిజమంతా చెప్పమన్నారా?"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ఇది కూడా చెప్పాలని నాకేం తెలుసయ్యా!"

మా అక్క నా మొహం చూడలేక చెప్పులు వెతుక్కుంటోంది. బావ మాత్రం వచ్చి భుజం తట్టాడు. "పిచ్చి బామ్మర్దీ, నిన్ను మా తరఫు సాక్షిగా వేసుకోవాల్సింది."

నెల తిరక్కుండా తీర్పొచ్చింది. నాకు పోయింది పద్నాలుగడుగుల పొడవు, తొమ్మిదడుగుల మూడంగుళాల వెడల్పు గది, వీధిలోకి దిగే రెండు మెట్లతో సహా.