గుప్పెడు యూరియా నింద

నాకు మనుషుల్ని క్షమించడం చేతకాదు. మా మావయ్యకీ చేతకాదు గానీ ఆయన లోపల దాచుకుంటాడు, నేను దాచుకోను. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఒకప్పుడు మా నేల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఇప్పుడు నేనూ అక్కడే పనిచేస్తున్నాను, ఆయన ఉద్యోగం ఊడగొట్టినవాడి కిందే.

ఆ మహానుభావుడు మా డైరెక్టరు. సంస్థలో అందరూ ఆయన్ని చాటుగా ‘గొడుగు’ అంటారు. మబ్బు పడితే చాలు, ఆయనకి ఏదో ఒక మీటింగు గుర్తొస్తుంది. బురదలో కాలు పెట్టిన పాపాన పోలేదు. ఆయన అలవాటే సంస్థ అలవాటైపోయింది. వాన పడ్డ రోజునా, మర్నాడూ ఎవరూ పొలానికి వెళ్లరు. నేల ఆరాక వెళ్లి కొలుస్తారు.

మేం కొలిచేది యూరియా వదిలే గాలిని. పొలంలో చల్లినదంతా పైరుకే పోదు. కొంత భాగాన్ని నేలలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి పైకి వదులుతాయి. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ దాని ముందు పసిపాప. నేలలోకి ఒక ఇనప చట్రం దిగ్గొట్టి, దాని మీద పెట్టె బిగించి, లోపల చేరిన గాలిని సిరంజితో లాగి ల్యాబులో యంత్రానికిస్తే అంకె వస్తుంది. అలాంటి అంకెలన్నీ కలిపి దేశం మొత్తం వదిలే గ్యాసు లెక్క కడతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎరువు వేశాక వాన తగిలిందంటే, ఆ ఒకటి రెండు రోజుల్లోనే నేల ఆ గ్యాసునంతా కక్కేస్తుంది. మావాళ్లు అంతా అయిపోయాక తీరిగ్గా వెళ్లి, ‘చూశారా, ఎంత తక్కువో’ అంటారు. గొడుగు పేరు సంపాదించింది ఆ తక్కువ అంకె మీదే.

మావయ్య వానలో వెళ్లి కొలిచాడు. అంకె ఆకాశాన్నంటింది. అప్పట్లో ఆయనతో ఒకే గదిలో కూర్చునే గొడుగు నిండు సభలో లేచి, “పెట్టె కింద గుప్పెడు యూరియా ఎక్కువ పోసుకుంటే ఎవరికైనా వస్తుంది ఈ అంకె” అన్నాడు. విచారణ లేదు, పాడూ లేదు. ఆ ఒక్క మాటతో మావయ్య దొంగ అయిపోయాడు. తలెత్తుకోలేక రాజీనామా చేసి, ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. అది చాలదన్నట్టు, ఇంట్లో ఏ చిన్న గొడవ వచ్చినా మా అత్తయ్య, “మీరేమీ చెయ్యకుండానే అంత మాట అన్నారా?” అనేది. మావయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. ఆ నింద వేసిన నోటితోనే తీయించాలని నేను పంతం పట్టాను. ఆ సంస్థలో చేరిందే అందుకు.

ఈ ఏడాది దేశం లెక్క సరిచూడ్డానికి ఒక కమిటీ వస్తుందన్నారు. వాన కబురు చూసుకుని, సరిగ్గా వాళ్లొచ్చే ముందు రోజు పొద్దున్న పొలంలో యూరియా చల్లించాను. గొడుగు ఖాయం చేసిన మోతాదే, చిటికెడు ఎక్కువ లేదు. సాయంత్రం వాన దంచి కొట్టింది. నేను కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతూ చూశాను. అంత కమ్మటి వాన నా జన్మలో చూడలేదు.

మర్నాడు గొడుగు కమిటీ పెద్దావిడతో, “పొలమంతా బురదండీ. నేల ఆరాక ఇంకోసారి చూపిస్తాం” అన్నాడు.

నేను సంచి విప్పాను. “బూట్లు తెచ్చానండీ, అందరికీ ఉన్నాయి. సార్ సైజు కూడా.”

పెద్దావిడ అప్పటికే ఒక కాలు బూటులో పెట్టేసింది.

పొలంలో నేను తేనె పూసినట్టు మాట్లాడాను. “సార్, చట్రం ఎక్కడ దిగ్గొట్టాలో మీరే చూపించండి. సిరంజి కూడా మీరే లాగితే బాగుంటుంది. మీ చెయ్యి పడితే ఆ విలువే వేరు.” పొగడ్తకి లొంగని డైరెక్టరు ఇంకా పుట్టలేదు. గొడుగు నాలుగు చోట్లు చూపించాడు, సిరంజి పట్టుకుని ఫోటోకి నవ్వాడు కూడా.

మధ్యాహ్నం ల్యాబులో అంకె వచ్చింది. మేం ఏటా పంపేదానికి పన్నెండు రెట్లు. గొడుగు ముఖం మాడిపోయింది. అలవాటు కొద్దీ, “ఎవరో అక్కడ యూరియా ఎక్కువ పోసుంటారు” అనేశాడు.

“చోటు మీరే చూపించారు కదా?” అంది పెద్దావిడ. “మరి మీరే పోశారా?”

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఎందుకు ఆపుకోవాలి?

ఆవిడ వెళ్తుంటే కారు దాకా వెళ్లి మావయ్య సంగతి మొత్తం చెప్పాను. నేను వెనక్కి వచ్చేసరికి గొడుగు వరండాలో కాపు కాసి ఉన్నాడు.

“చూడమ్మా, రేపు కమిటీ పెట్టే సభలో మీ మావయ్య మాట ఎత్తకు. పాత గొడవలు ఇప్పుడెందుకు?”

“ఎత్తను సార్. మీరు ఇప్పుడే మా మావయ్య ఇంటికొచ్చి, అప్పుడన్నది అబద్ధమని ఆయనతో చెప్పండి.”

“ఫోన్లో చెప్తాలే.”

“ఇంటికొచ్చి చెప్పాలి.”

పెద్దావిడకి అంతా తెలిసిపోయిందన్న సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. అంత మంచితనం నా దగ్గర లేదు.

మేం వెళ్లేసరికి మావయ్య ట్యూషన్ పిల్లల్ని పంపేసి చాప చుడుతున్నాడు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. గొడుగు గొంతు వినగానే అది ఠక్కున ఆగిపోయింది. ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. ప్యాంటుకి బురదతో హాలు మధ్యలో నిలబడ్డాడు.

“అప్పుడు మీరు కొలిచింది నిజమే,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “మీరు యూరియా పొయ్యలేదు. నాకు తెలిసే అన్నాను.”

నా కడుపు చల్లబడింది. మావయ్య ఏడుస్తాడనుకున్నాను, లేదా కొడతాడనుకున్నాను. ఆయన చాపని నెమ్మదిగా గోడకి ఆనించాడు.

“మా ఆవిడ వంటింట్లో ఉంది,” అన్నాడు. “ఆవిడకి వినపడి ఉండదు. కాస్త గట్టిగా చెప్పండి.”

గొడుగు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. చేసేది లేక గొంతు పెంచి మళ్లీ మొత్తం చెప్పాడు.

అత్తయ్య చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గొడుగు వైపు చూడనైనా చూడలేదు, మావయ్యనే చూసింది.

“నాకు మొదటిసారే వినపడిందండీ,” అంది. “నేను మిమ్మల్ని ఎన్నిసార్లు అన్నానో అన్నిసార్లూ చెప్పించండి.”