వెనక్కి తిప్పిన ఓడ

కెప్టెన్ భిక్షపతికి నౌకాదళం మూడు పతకాలిచ్చింది. అక్క సైదమ్మ మాత్రం ఒక్క మంచి మాట ఇవ్వలేదు. కోదాడ దగ్గరి చిలుకూరులో గొర్రెలు కాసుకుంటూ తల్లిలేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి ఆమె. పద్దెనిమిదేళ్లకే వాడు మందనొదిలి సముద్రం మీదికి పోయాడన్న కోపం ముప్పై ఎనిమిదేళ్లయినా చల్లారలేదు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా, "నీళ్ల మీద తిరుగుడు గూడ ఓ పనేనా?" అనేది. రెండు యుద్ధనౌకలు నడిపిన మొనగాడు ఆ మాటకు తలొంచుకునేవాడు.

రిటైరయ్యాక సూర్యాపేటలో సన్మానం పెట్టారు. బతిమాలగా బతిమాలగా సైదమ్మ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. భిక్షపతి ఆమె కోసమే తుఫాను కథ ఎత్తుకున్నాడు.

ఒడిశా తీరాన సరుకుల పడవ ఒకటి మునిగిపోతోంది. జాబితాలో పద్నాలుగు మంది, కాపాడి భిక్షపతి ఓడలోకి ఎక్కించింది పద్నాలుగు మంది. లెక్క సరిపోయింది, వచ్చేయమని పైనుంచి ఆజ్ఞ. కానీ పడవలో వంట చేసే ముసలాయన చలికి నోట మాటరాక వెనక్కే చూస్తున్నాడు.

"తల్లి గొర్రె వెనక్కి సూస్తున్నదంటే పిల్ల వెనకున్నట్టే. మందను లెక్కవెట్టుడు కాదు, మొఖాలు సూడాలె అని మా అక్క చెప్పేది," అన్నాడు భిక్షపతి.

ఓడను వెనక్కి తిప్పాడు. ఒక్క అల అటూఇటూ అయినా ఓడా పడవా గుద్దుకుని అందరూ పోయేవారే. ముసలాయన తమ్ముడు, కాగితాల్లో పేరెక్కని మనిషి, పడవలో కాలు ఇరుక్కుని ఉన్నాడు. తాళ్లేసి లాగారు. ఆజ్ఞ మీరినందుకు మొదట సంజాయిషీ అడిగారు, తర్వాత పతకం ఇచ్చారు.

హాలంతా చప్పట్లు. సైదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, ఇంకేమిటో వేదిక మీంచి తెలియలేదు.

భోజనాలయ్యాక చిలుకూరు నుంచి వచ్చినవాళ్లంతా టెంపో ఎక్కారు. డ్రైవర్ జయరాజు తలలు లెక్కపెట్టి, "పదకొండు. వచ్చినోళ్లందరు ఉన్నరు సార్," అన్నాడు. బండి కోదాడ దారి పట్టింది. మునగాల దాటాక కెప్టెన్‌గారికి ఇక ఆగలేదు.

"అక్కా, ఎట్లుంది నా ముచ్చట?" అంటూ వెనక్కి తిరిగాడు.

అక్క సీట్లో శశిధర్ అనే బ్యాంకు ఉద్యోగి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. కోదాడ దాకా వస్తానని ఎక్కిన మనిషి. అలా పదకొండు సరిపోయింది.

అక్క ఫోన్ ఆమె సంచిలో ఉంది, సంచి బండిలో ఉంది. ముఖాలు చూడాలని ఊరందరికీ చెప్పి, ఆమె ముఖమే చూడకుండా బండెక్కాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"బండి తిప్పు జయరాజూ."

"గీ సార్‌ను కోదాడల దింపి..."

"తిప్పు."

భార్య కల్పన నవ్వాపుకుంటూ, "ఇగ సంజాయిషీ వదినకు ఇచ్చుకోండ్రి," అంది.

సూర్యాపేటలో హాలు మూసేశారు. సైదమ్మ మెట్ల మీద, రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లో తమ్ముడికి బహుమానంగా ఇచ్చిన ఇత్తడి ఓడ. వాడు మరిచిపోయాడని వెనక్కి వెళ్లింది దానికోసమే. వాచ్‌మన్ దానియేలు తాళంచెవి పట్టుకుని, "అవ్వా, వాళ్లు పోయి గంటాయె. ఆటో పిలువాల్నా?" అంటున్నాడు.

"ఆటో ఎందుకు? ఎవలి తమ్మునికోసమో ఓడనే తిప్పిండు, అక్క కోసం బండి తిప్పడా? మావోని పనే అది," అంది సైదమ్మ.

అప్పటికే బండి దిగి వచ్చిన కెప్టెన్ ఆమె వెనకే నిలబడి ఆ మాట విన్నాడు. దగ్గి, "అక్కా," అన్నాడు.

సైదమ్మ తిరిగి చూసి ఇత్తడి ఓడ అతని చేతిలో పెట్టింది.

"గిదొక్కటే యాది లేకపాయె, గంత పెద్ద ఓడలు ఎట్ల నడిపినవ్‌రా?" అంటూ, లేపమని చెయ్యి చాచింది.