రెండో చరణంలో వణుకు

రేడియోలో రోజూ పొద్దున ఎనిమిదింటికి పాటల చరిత్ర కార్యక్రమం ఒకటి వస్తుంది. ఆ తేదీన ఏ గాయకుడు పుట్టాడు, ఏ పాట మొదటిసారి రికార్డయింది, ఏ బృందం కొట్లాడుకుని విడిపోయింది, ఎవరు కన్నుమూశారు, ఇవన్నీ చెబుతూ మధ్యమధ్య పాటలు వేస్తారు. మా ఇంట్లో ఏడాది పొడుగునా అది మోగుతూనే ఉంటుంది. ఒక్క రోజు మాత్రం మామయ్యగారు అందరికంటే ముందు లేచి రేడియో ప్లగ్గు పీకేస్తారు. అత్తయ్య పాడిన పాట పుట్టిన రోజది. అత్తయ్య వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అదే.

నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే అత్తయ్య ఆ సంగతి చెప్పింది. అప్పటికి ఆవిడకు పెళ్ళి కాలేదు. అది మొదటి పాట. పాట ముగిసి అందరూ చప్పట్లు కొడుతుండగా ఆస్పత్రి నుంచి కబురు వచ్చిందట. అంతమందిలో ఒక్క వయొలిన్ అబ్బాయి మాత్రం పెట్టె మూసేసి, "పదండి, టాక్సీ పిలుస్తాను" అన్నాడట. ఇద్దరూ ఆస్పత్రి మెట్లెక్కుతుంటే పైనుంచి నర్సు దిగి వచ్చి, ఇప్పుడే పోయిందని చెప్పిందట. ఆ వయొలిన్ అబ్బాయే మా మామయ్యగారు.

"ఆ రోజు నాకు అమ్మ పోయింది, ఈయన దొరికారు. దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడే," అనేది అత్తయ్య. దేవుడు అలా లెక్క సరిచేస్తాడా అని నాకు సందేహం వచ్చేది. కానీ వినడానికి బాగుండేది. ఎప్పుడూ అడగలేదు.

ఈ ఏడు పాటకు నలభై ఏళ్ళు నిండాయి. రేడియో అనౌన్సర్ అమ్మాయి ఫోన్ చేసి, ఆ రోజు లైన్లోకి వచ్చి ఒక్క చరణం పాడమని అత్తయ్యను బతిమాలింది. ఆవిడ సరేనంది.

"నీ గొంతు బాగోలేదు కదా, ఎందుకొచ్చిన తంటా," అన్నారు మామయ్యగారు.

"నా గొంతుకేం, మీ చెవులకే తుప్పు పట్టింది," అంది అత్తయ్య. "నలభై ఏళ్ళు ఏడ్చాను. ఒక్క ఏడు పాడితే అమ్మేమీ అనుకోదు."

ఆ ఉదయం అత్తయ్య తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, తల్లి ఫొటో ముందు దీపం వెలిగించి వచ్చింది. రేడియో దగ్గర పెట్టుకుంటే ఫోన్లో కీచుమంటుందని చెప్పారు కాబట్టి దాన్ని ఆపేశాం. ఫోన్ స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాను. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుంది. మామయ్యగారు లోపలి గదిలో మంచం మీద కూర్చున్నారు. తలుపు తీసే ఉంది.

"చొక్కా మార్చుకోకూడదూ, రేడియో వాళ్ళు చూస్తారు," అంది అత్తయ్య అటు తిరిగి. ఆయన నవ్వలేదు.

అనౌన్సర్ ముందు ఆ తేదీ విశేషాలు చదివింది. ఎవరో డ్రమ్స్ కళాకారుడి జయంతి, ఏదో రెండు పాటల రికార్డు తొలిసారి అమ్మకానికి వచ్చిన రోజు. తర్వాత మా పాట గురించి మొదలుపెట్టి, ముందుగా ఆనాటి రికార్డిస్టుతో మాట్లాడదామంది. టేకు బాగుందో లేదో చెప్పేది ఆయనే కనుక అప్పట్లో అందరూ ఆయన్ను 'ఓకే గారు' అని పిలిచేవారట. ఇప్పుడు ఎనభై దాటింది. గొంతు మాత్రం గంటలా ఉంది.

"ఆ రోజుల్లో అందరూ కలిసి ఒకేసారి వాయించాలమ్మా. ఒకడు తప్పు చేస్తే మళ్ళీ మొదటికే. ఎర్ర దీపం వెలిగిందంటే ఇల్లు తగలబడుతోందన్నా తలుపు తీసేది లేదు. కబురేదైనా సరే, నేను ఓకే అన్నాకే లోపలికి రావాలి. అది మా కట్టుబాటు."

"రెండో చరణం ముందు వయొలిన్ వణుకుతుంది కదండీ," అంది అనౌన్సర్. "ఇప్పటికీ సంగీతం నేర్చుకునే పిల్లలు అది పలికించలేక తంటాలు పడతారు. ఎవరి ఆలోచన అది?"

ఆయన పడీపడీ నవ్వాడు. "ఆలోచనా పాడా. పాపం, అతని చెయ్యి వణికిందమ్మా. రెండో టేకు అయ్యాక కాసేపు ఆగాం. వయొలిన్ అతను మంచినీళ్ళకని వరండాలోకి వెళ్ళి, ఫోన్ మోగుతుంటే తీశాడు. ఆస్పత్రి నుంచి. పాడే అమ్మాయి తల్లికి బాగోలేదు, వెంటనే పంపమని. బయట బెంచీ మీద ఇంకో గాయని కూర్చుని ఉంది. ఈ అమ్మాయి కుదరకపోతే ఆవిడ చేత పాడిద్దామని నిర్మాత పిలిపించి ఉంచాడు. ఇతను వచ్చి నా చెవిలో సంగతి చెప్పి, 'ఓకే అయ్యాకే చెబుదాం' అన్నాడు. సరేనన్నాను. ఇంకో మూడు టేకులు పట్టింది. ఆఖరి దాంట్లో చెయ్యి వణికింది. మళ్ళీ తీద్దామా అంటే, 'వద్దు, ఓకే చేసెయ్యండి, ఆ అమ్మాయి వెళ్ళాలి' అన్నాడు. పని మీద అంత ధ్యాస ఉండేది ఆ రోజుల్లో. తర్వాత ఆ అమ్మాయినే పెళ్ళాడాడుగా, ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటారో."

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఫోన్ వైపే చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు. కడిగిన పలకలా ఉంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. మామయ్యగారు లేచి నిలబడ్డారు, కానీ గడప దాటలేదు.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంది అనౌన్సర్. 

"ఉన్నానమ్మా," అంది అత్తయ్య. "ఓకే గారూ, కబురు రెండో టేకు తర్వాత వచ్చిందా?"



"నీకు తెలియదా తల్లీ?" అన్నాడాయన. ఆ గంటలాంటి గొంతు ఎక్కడికి పోయిందో.

"తెలియదండీ."

రేడియోలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో, ఎన్ని దుకాణాల్లో ఆ నిశ్శబ్దం మోగిందో.

"మరి, మీరు పాడతానన్న చరణం..." అని ఆగింది అనౌన్సర్.

"ఇవాళ కాదమ్మా. ఆ పాట వేసుకోండి."

వాళ్ళు వేసేశారు. బల్ల మీద చిన్న ఫోన్లోంచి, ఇరవై ఏళ్ళ అత్తయ్య హాయిగా, ఏ బెంగా లేకుండా పాడుతోంది. దాన్ని ఎక్కడ నొక్కి ఆపాలో చేతికి తోచలేదు. రెండో చరణం దగ్గరికొచ్చింది. వయొలిన్ వణికింది. అంతవరకూ అది పెళ్ళిచూపుల్లో కుర్రాడి సిగ్గులా ఉందనుకునేదాన్ని. అత్తయ్యే చెయ్యి చాచి కాల్ కట్ చేసింది.

మామయ్యగారు గడప మీదకు వచ్చారు.

"బయట ఆవిడ కూర్చుని ఉంది," అన్నారు. "నువ్వు వెళ్ళిపోతే పాట ఆవిడకు పోయేది."

"పోనీ," అంది అత్తయ్య.

ఆయన నలభై ఏళ్ళుగా సిద్ధం చేసుకున్న జవాబంతా ఆ ఒక్క మాట ముందు కుప్పకూలింది.

"మూడు టేకులు. మనం మెట్లెక్కుతుండగా పోయింది అమ్మ," అంది ఆవిడ మళ్ళీ. "నాకు చెప్పాలని మీకు ఒక్కసారైనా అనిపించలేదా?"

"ఆ రోజే చెబుదామనుకున్నాను. మెట్ల మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నువ్వెవరో కూడా నాకు సరిగా తెలియదు. చెబితే చెయ్యి వదిలేస్తావని చెప్పలేదు. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత ఇంకెప్పుడు చెప్పను?"

మామయ్యగారు అబద్ధం ఆడగా నేనెన్నడూ చూడలేదు. చిల్లర ఎక్కువిస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. అలాంటి మనిషి లోపల ఇంత ఉందా అనుకున్నాను. ఆవిడ పాట కోసం చేశారా, ఆవిడ కోసం చేశారా, మొదట ఒకటై తర్వాత రెండోదైందా? దేవుణ్ణి అడిగాను. ఆయనకు తెలిసే ఉంటుంది. నాకు చెప్పలేదు.

అత్తయ్య లేచి ఆయన ఎదురుగా నిలబడింది. ఏడవలేదు. కొడుతుందేమోనని కూడా అనిపించింది నాకు.

"ఆ ఫోన్లో ఏమన్నారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. వెతుక్కోవలసిన పని లేనట్టు, వెంటనే చెప్పారు.

"'ఆవిడ తెలివిగానే ఉంది. మా అమ్మాయి వచ్చిందా అని ఇందాకటి నుంచీ అడుగుతోంది. త్వరగా పంపండి.' అంతే."

అత్తయ్య గోడకు చెయ్యి ఆనించింది.

"అడిగిందా?" అంది. "స్పృహ లేకుండా పోయిందన్నారు నాతో. ఎవరినీ తలచుకోలేదన్నారు."

"నేనే అన్నాను ఆ మాట. నీకు బాధ తగ్గుతుందని."

బల్ల మీద ఫోన్ మోగితే చేతిలోకి అందుకున్నాను. రేడియో వాళ్ళే. తీయలేదు, ఆపలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"మళ్ళీ చెప్పండి," అంది అత్తయ్య.

"ఆవిడ తెలివిగానే ఉంది. మా అమ్మాయి వచ్చిందా అని..."

"నెమ్మదిగా. మొదటి నుంచి."

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి సగంలోనే ఆగిపోయారు. అత్తయ్య ఆయన వంక జాలిగా చూడలేదు, కోపంగానూ చూడలేదు. కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"చెప్పండి," అంది. "వింటున్నాను."