బ్రేకు తొక్కినప్పుడు వచ్చే వణుకు

మా ఇంట్లో ఏడాదిగా ఒకటే గొడవ. వణుకుతున్నది మా కారా, మా ఆయన చేతులా అని. కారేనని ఆయన. చేతులని నేను ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. అనకపోయినా నా మొహం చూస్తే ఆయనకి తెలిసిపోతుంది. గొడవంతా అక్కడే.

మా ఆయన పేరు నాగభూషణరావు. పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు. నలభై ఏళ్ళుగా అదే పని. కుడిచేత్తో సుత్తి, ఎడమచేత్తో ఉలి. ఆకులో ఈనె వెంట్రుకంత సన్నంగా రావాలంటే ఆ ఎడమచెయ్యి కదలకూడదు. మా మావగారికి యాభై ఎనిమిదో ఏట ఆ చెయ్యే వణకడం మొదలైంది. రెండేళ్ళలో ఉలి వదిలేశారు. ఆ తరవాత పదకొండేళ్ళు అన్నం కూడా మా అత్తగారే కలిపి నోట్లో పెట్టింది. మా ఆయనకి ఇప్పుడు యాభై ఎనిమిది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కారు మాత్రం నిజంగానే వణికేది. అది నేను కాదనను. సోమవారం పని సెలవు. తెల్లవారకముందే బయల్దేరి బందరు, అవనిగడ్డ మీదుగా పాలకాయతిప్ప వెళ్తాం. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఏది నదో ఏది సముద్రమో తెలియని చోట, ఆయన గంటసేపు కూర్చుంటారు. నన్నడిగితే అక్కడ నీళ్ళు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం కోసమే వెళ్తాం కాబోలు.

కోడూరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల చెరువులు. వాటి మీద మంచు, మంచులో ఎక్కడో ఒక దీపం. కారు నేల మీద వెళ్తోందో నీళ్ళ మీద వెళ్తోందో తెలిసేది కాదు. నేను సగం నిద్రలో ఉండేదాన్ని. ఆ నిద్రలో ఒకే కల మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఆయన నీళ్ళ మీద ఉలి ఆనించి లతలు చెక్కుతుంటారు. చెక్కినవి చెక్కినట్టే నిలిచిపోతుంటాయి. నీళ్ళు వాటిని చెరపవు. నేను గట్టున కూర్చుని, ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంటాను. అంతలో రోడ్డుకి అడ్డంగా గేదెలొస్తాయి, ఆయన బ్రేకు తొక్కుతారు, స్టీరింగు గడగడా వణుకుతుంది. వణుకు నా సీటు దాకా వచ్చేది. కళ్ళు తెరిస్తే ఆయన రెండు చేతులూ స్టీరింగుతో పాటు ఊగుతుండేవి.

"చూశావా, కారే," అనేవారు సంతోషంగా. కారు చెడిపోతే సంతోషించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకుంటే ఎడమచెయ్యి వణికేది. "కారు వణుకు చేతుల్లో ఉండిపోయింది. రేపటికి పోతుందిలే," అనేవారు. మంగళవారం ఉలి ముట్టేవారు కాదు. పోనుపోను బుధవారం కూడా. ఆ తరవాత గుడివాడలో పనుందనో గుడ్లవల్లేరులో ఎవర్నో కలవాలనో వారం మధ్యలో కూడా కారు తీసేవారు. పనీ లేదు, పాడూ లేదు. ఆ వణుకు మోపడానికి ఆయనకి ఒక వస్తువు కావాలి, అంతే. నాకు ఒళ్ళు మండేది. కోపం ఆయన మీద కాదు, అరిచేది మాత్రం ఆయన మీదే.

మొదట ఒక మెకానిక్కు చక్రాలకి అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేశాడు. తగ్గలేదు. ఇంకొకడు ముందు చక్రాల బ్రేకు డిస్కులు, వాటిని నొక్కిపట్టే ప్యాడ్లు తీసేసి కొత్తవి వేశాడు. రెండు నెలలు కారు బుద్ధిగా నడిచింది. ఆ రెండు నెలలూ ఆయన గ్లాసు బల్ల మీద పెట్టుకుని, వంగి టీ తాగారు. నేను చూడనట్టే ఉన్నాను. మూడో నెలలో ఒకరోజు గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "మళ్ళీ వచ్చింది మల్లేశ్వరీ," అన్నారు. ఎవరో చుట్టం దిగినంత సంబరం ఆ గొంతులో.

అప్పుడు నేనే పట్టుబట్టాను. పామర్రులో దైవాధీనం గారని ఒక మెకానిక్కు ఉన్నారు. మా అన్నయ్య కారు ఆయనే చూస్తారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ షెడ్డు, వేరే లోకం తెలియని మనిషి. "అక్కడికి వెళ్దాం. తేలిపోవాలి," అన్నాను. తేలాల్సిందేమిటో ఇద్దరికీ తెలుసు.

దైవాధీనం గారు కారెక్కి ఒక చుట్టు తిప్పుకొచ్చారు.

"బ్రేకు తొక్కకుండా వణికితే చక్రాల బ్యాలెన్సింగండీ. తొక్కినప్పుడే వణికితే డిస్కు. అలైన్‌మెంటు చేయించి ఏం లాభం?" అన్నారు దిగుతూ.

చక్రం విప్పారు. లోపల బిళ్ళలా మెరుస్తున్న డిస్కుకి గడియారంలాంటి మీటరు ఆనించి, నెమ్మదిగా చేత్తో తిప్పారు. ఒకచోట ముల్లు పైకి లేచి మళ్ళీ పడుకుంది. ప్రతి చుట్టుకీ అదే చోట. డిస్కు మీద నల్లటి మచ్చ కూడా ఉంది, ప్యాడు ఎంతుందో సరిగ్గా అంత, అంచులతో సహా.

"అచ్చు దిగింది," అన్నారు మా ఆయన.

"దిగిద్ది మరి. వేడి మీద నీళ్ళేమన్నా పోశారా అన్నగారూ?"

మా ఆయన నా వైపు చూశారు. పోశాం. మా పెడనలో అద్దిన బట్టని ఉడకేశాక పారే కాలవలో జాడించాల్సిందే. ఆలస్యమైతే మరక కడుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పనే చూశాం కదా, సముద్రం దగ్గర్నుంచి రాగానే, ఇంటికైనా వెళ్ళకుండా, కారుని కాలవ రేవులోకి దింపి చక్రాల మీద నీళ్ళు కొట్టేవాళ్ళం. బక్కెట్లు ముంచి ఇచ్చింది నేనే. చుయ్యిమని ఆవిరి లేచేది. ఉప్పు వదులుతోందని మురిసిపోయాం.

"అంతదూరం తోలిన బ్రేకు పెనంలా కాలిపోతా ఉంటదండీ. దాని మీద చన్నీళ్ళు కొట్టి, తడి మీదే నిలబెట్టేస్తే ప్యాడు ఆనిన చోట మచ్చ పడిద్ది. ఆ మచ్చ వచ్చినప్పుడల్లా ప్యాడు గట్టిగా పట్టిద్ది, తరవాత వదిలిద్ది. మీ స్టీరింగులో వణుకు అదే. చల్లారాక కడగండి. కడిగాక కాస్త దూరం బ్రేకు తొక్కుతా తోలి ఆరబెట్టండి," అన్నారు దైవాధీనం గారు.

మా ఆయన తలూపారు. ఆయన మొహం తేటపడింది. కారుదే తప్పని ఇంకొకరి నోటి వెంట వచ్చింది కదా. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆయన వంగి టీ తాగిన ఆ రెండు నెలలూ మర్చిపోయి, ఏడాదిగా అనవసరంగా భయపడ్డానని నన్ను నేనే తిట్టుకున్నాను.

దైవాధీనం గారు కొత్త డిస్కు బిగించి మళ్ళీ మీటరు పెట్టారు. ముల్లు ఈసారి కొద్దిగా లేచింది.

"ఈ మాత్రం ఉంటదిలెండి. నడిచిద్ది," అన్నారు.

అక్కడితో వదిలేస్తే సరిపోయేది. మా ఆయన వదల్లేదు. "ఒక్కసారి డిస్కు తీస్తారా?" అని అడిగారు.

డిస్కు తీశారు. దాని వెనక అది ఆనుకుని కూర్చునే ఇనప హబ్బు ఉంది. అప్పటికే వైరు బ్రష్షుతో రుద్దేసి ఉంది. మా ఆయన ఆ చక్రం ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, దాని మీద కుడి బొటనవేలు పెట్టారు. అచ్చు చదునుగా ఉందో లేదో చెక్కేవాళ్ళు కంటితో చూడరు, వేలితో చూస్తారు. వేలు చుట్టూ తిరిగింది. షెడ్డు బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆయనకి అవేవీ వినపడలేదు.

"ఇక్కడుంది," అన్నారు.

దైవాధీనం గారు టార్చి వేసి చూశారు. బోల్టు మొదట్లో కాగితం కన్నా పల్చటి తుప్పు పెచ్చు, ఇనుములో కలిసిపోయి ఉంది. "ఉప్పుగాలి పనండీ. డిస్కు దీని మీద కూర్చుని పక్కకి ఒరుగుతోంది. పోయినసారి ఈ తుప్పు మీదే కొత్తది వేసుంటారు, అందుకే మూడో నెలకి మళ్ళీ వచ్చింది," అన్నారు. పెచ్చు గీకి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, డిస్కు ఎక్కించారు. నట్లు ఒకదాని తరవాత దాని ఎదురుది చొప్పున సమంగా బిగించారు. ఈసారి చుట్టంతా తిప్పినా ముల్లు కదల్లేదు. రెండో చక్రానికీ అదే పని చేసి, రెండింటికీ కొత్త ప్యాడ్లు వేశారు.

"కొత్త ప్యాడు డిస్కంతా సమంగా పరుచుకోవాలండీ. ఖాళీ రోడ్డు చూసుకుని అరవైలో వెళ్తా పదికి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. అట్టా పదిసార్లు," అని చెప్పి పంపించారు.

గుడివాడ రోడ్డెక్కాం. సాయంత్రం. వరిచేల మీద ఎండ పడుకుని ఉంది. అరవై దాకా వెళ్ళడం, మెల్లగా పదికి రావడం. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు. చేలు వేగంగా వెనక్కి పోతాయి, అంతలోనే ఒక్కొక్క దుబ్బూ కనపడేంత నెమ్మదిస్తాయి, మళ్ళీ కలిసిపోతాయి. స్టీరింగు నిశ్శబ్దంగా ఉంది. నాలుగు. అయిదు. ఉయ్యాల్లో ఉన్నట్టుంది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇలాగే గుడివాడ రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఎనిమిదోసారి తగ్గించినప్పుడు ఆయన ఎడమచెయ్యి గేరు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కారు నీళ్ళ మీద జారినట్టు వెళ్తోంది. ఆ చెయ్యి వణుకుతోంది. బొటనవేలూ చూపుడువేలూ కనపడని ఉలిని పట్టుకున్నట్టు కదులుతున్నాయి.

"మల్లేశ్వరీ."

"ఆఁ."

"కారు వణకట్లేదు."

"లేదండీ."

"అయితే ఇది నాదే," అన్నారు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దాంతో పాటు ఒళ్ళు మండిపోయింది కూడా. ఆ తుప్పు పెచ్చు సంగతి చెప్పకుండా ఊరుకుంటే కారు మూడో నెలలో మళ్ళీ వణికేది. ఇంకో ఏడాది ఆ వణుకుని కారు మీదే నెట్టి బతికేవాళ్ళం. ఎవరడిగారు ఆ వేలు పెట్టమని? కానీ ఎత్తు తగిలిందని తెలిశాక చెప్పకుండా ఉండటం ఆయన చేతకాదు. నలభై ఏళ్ళలో ఒక్క వంకర అచ్చుని కూడా గడప దాటనివ్వని మనిషి.

ఒళ్ళో ఉన్న ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వణుకు నా చేతిలోకి వచ్చింది.

"ఎనిమిదే అయ్యాయి. ఇంకా రెండున్నాయి," అన్నాను.

ఆయన స్పీడు పెంచారు.