పక్కకి జరిగిన పడవాయన

పొద్దున ఆరింటికి శిల్పి ఏటి ఒడ్డు పార్కుకొచ్చేసరికి, ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని విగ్రహం దిమ్మ దగ్గరే నిలబడి ఉంది.

"మళ్ళీ జరిగాడండీ మా తాత. నిన్న జానెడు, ఇవాళ మూరెడు. ఇంకాస్త జరిగితే కిందపడతాడు."

వాకింగుకొచ్చినవాళ్ళు "జాగ్రత్త పెద్దాయనా" అనేసి వాళ్ళ దారిన వాళ్ళు పోతున్నారు.

వెనకటి వరదలో ఊరందరినీ పడవలో ఒడ్డుకు చేర్చిన మొగుడూపెళ్ళాల పేరే ఆ పార్కుకి పెట్టారు. గేటు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, దిమ్మ మీద మాత్రం మొగుడొక్కడే. రాయి ఒక్కరికే సరిపోయిందన్నాడు శిల్పి. కమిటీవాళ్ళు నమ్మారు పాపం! రేపే ప్రారంభం. ఊళ్ళో పెట్టబోయే మిగతా విగ్రహాల పని కూడా శిల్పికే ఇస్తామన్నారు.

శిల్పి పడవాయన భుజం పట్టి నెట్టాడు. కదిలితేగా!

"మా నాయనమ్మకి చోటిస్తున్నట్టున్నాడు," అంది ఆవిడ మామూలుగా.

నెల్లాళ్ళు శిల్పి షెడ్డుకొచ్చి నాయనమ్మ కనుబొమలెలా కలిసేవో, సొట్ట ఏ బుగ్గనో చెప్పిన మనిషి ఈవిడే. శిల్పికి తల కొట్టేసినట్టయింది.

"రాయి చాల్లేదన్నది అబద్ధమమ్మా. మీ నాయనమ్మనీ చెక్కాను. ఆఖర్న తొందరపడి దెబ్బేస్తే ముక్కు ఎగిరిపోయింది. నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను అనుకున్నాను."

"మరి ఆ రాయేదీ?"

"షెడ్డు గుమ్మానికి మెట్టుగా వేశాను. బోర్లా."

"రోజూ తొక్కుతున్నారా?"

"మొన్న నువ్వొచ్చినప్పుడు నువ్వూ తొక్కావు. చూస్తూ ఊరుకున్నాను."

ఆవిడ తిట్టినా బాగుండేది. చెప్పులు అక్కడే విడిచి షెడ్డుదాకా నడిచింది. దారిన పోయేవాళ్ళని పిలిచింది. అందరూ కలిసి మెట్టు లేపారు, బండి మీద పార్కుకి తెచ్చారు. ఆవిడ కొంగుతో ఆ మొహం మీది మట్టంతా తుడిచింది. పడవాయన పక్కన చోటు సరిగ్గా సరిపోయింది.

మర్నాడు రిబ్బను కత్తిరించాక కమిటీ పెద్ద, "ఈవిడ ముక్కేమైంది?" అన్నాడు.

"నేనే విరగ్గొట్టానండీ. దాచాను కూడా."

మిగతా విగ్రహాలు ఇంకొకరికి పోయాయి.

పడవాయన మళ్ళీ జరగలేదు. పడవావిడ మాత్రం వచ్చేపోయేవాళ్ళందరినీ చూస్తుంది, శిల్పి వస్తే మొహం ఏటివైపు తిప్పేసుకుంటుంది. ఊరొదిలి పోదామని మూటాముల్లే సర్దుకున్నవాడు కాస్తా అది చూసి ఆగిపోయాడు. రోజూ వస్తాడు, తలొంచుకుని కాసేపు నిలబడతాడు, వెళ్ళిపోతాడు.

ఏడాది గడిచాక ఓ పొద్దున ఊడ్చే ఆవిడ గేటు దగ్గరికే ఎదురొచ్చింది. మెట్టు లేపిన రోజు తర్వాత ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"అలా తలొంచుకుంటే ఏం తెలుస్తుందండీ? నిన్న మీరొచ్చినప్పుడు మా నాయనమ్మ ఏటివైపు సగమే తిరిగింది. ఇవాళైనా చూడండి."

శిల్పికి తలెత్తడానికి చాలాసేపు పట్టింది.