పాల డిపో కొక్కెం

ఎర్ర గొడుగును గడియారం కొక్కేనికి తగిలించి, నీళ్ళ సీసాను దాని తాడు పట్టి స్కూలు గేటు కొక్కేనికి వేలాడదీశాడాయన. బస్సుల్లో జనం మరిచిపోయిన సామాన్లన్నీ బస్సు డిపోలోని ఈ ఇరుకు గదికే చేరతాయి. కౌంటరు వెనక లోపలి గోడకు తొమ్మిది కొక్కేలు. వస్తువు ఏ స్టాపు దాటాక దొరికితే ఆ స్టాపు కొక్కేనికి. చూసేవాళ్ళకు ఇది తలాతోకా లేని పద్ధతి. ఆయనకు మిగిలిన భాష మాత్రం అదొక్కటే.

ఇరవై రెండేళ్ళు ఆ దారిలో కండక్టరుగా తిరిగిన మనిషి. నోరు తెరిస్తే బస్సంతా నవ్వేది. "లోపలికి జరగండి బాబూ, లోపల మీ మామగారేం కూర్చోలేదు!" అని ఎన్ని వేలసార్లు అన్నాడో లెక్కలేదు. మూడేళ్ళ కిందట ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలబడ్డాడు. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చి అక్కడే చతికిలబడుతుంది. స్టాపుల పేర్లు మాత్రం మొదటినుంచి వరసగా అయితే గడగడా వచ్చేస్తాయి. మధ్యలో ఒకటి చెప్పమంటే రాదు. "అన్నం పెట్టనా?" అని భార్య అడిగితే "పాత స్టాండు, గడియారం..." అని మొదలుపెడతాడు. "సరే, దిగండి" అని ఆవిడ కంచం పెడుతుంది. డిపోలో ఆయన పేరే స్టాపులాయన అయిపోయింది.

ఆ రోజు ఆయన పొద్దున్నే వచ్చి కొక్కేలన్నీ రెండుసార్లు తుడిచాడు. కొత్త మేనేజరు ముందురోజే, ఇంటికి ఫోను చేసి భార్యకూ, ఎదురుగా ఆయనకూ చెప్పేశాడు. "మాట రాని మనిషిని కౌంటర్లో కూర్చోబెడితే ఎలాగండీ? రేపు పక్కన కూర్చుని చూస్తాను. కుదరకపోతే ఇక ఇంటిపట్టున ఉందురుగాని." మర్యాదగానే అన్నాడు, అందుకే ఎక్కువ భయమేసింది. ఇంట్లో కూర్చుంటే ఈ తొమ్మిది కొక్కేలూ ఉండవు.

మధ్యాహ్నం పిడి ఉన్న స్టీలు అన్నం డబ్బా తెరిచాడు. ఒంటిచేత్తో తిప్పలేడని భార్య మూత సగమే బిగించి ఇస్తుంది. తిని, కడిగి, ఆయనా సగమే తిప్పి పెట్టాడు. అప్పుడొచ్చిందొకామె. అరవై ఏళ్ళుంటాయి, జుట్టు నున్నగా దువ్వుకుంది.

"అదేనయ్యా, నిన్నటి తలుపు," అంది గడగడా. "మెత్తగా ఉంటుంది, రెండు చెంచాలు గుచ్చి పెట్టాను గదా, బస్సుతో పాటే ఉడికిపోయింది!"

మేనేజరు తెల్లబోయాడు. "ఏం పోయిందమ్మా? సంచీనా?"

"అవునవును, మా అన్నయ్య కిటికీ కాదన్నానుగా!" అని ఆమె విసుక్కుంది.

"ఈవిడకేమన్నా పిచ్చా?" అని మేనేజరు గొణిగాడు.

పిచ్చి కాదని ఆయనకు తెలుసు. ఆసుపత్రిలో ఆయన పక్క మంచం మీద ఒక పంతులుగారుండేవాడు. పొద్దస్తమానం మాట్లాడేవాడు, ఒక్క మాటా చోటులో పడేది కాదు. తప్పు మాట్లాడుతున్నానన్న సంగతి ఆయనకే తెలిసేది కాదు. "మీకు అర్థమవుతుంది, మాట రాదు. ఆయనకు మాట వస్తుంది, అర్థం పట్టుబడదు. ఇద్దరికీ దెబ్బ మెదడులో ఎడమవైపే, చోటే వేరు" అని డాక్టరమ్మ చెప్పింది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో కౌంటరు మీద తడుతూ, వెనకటి కండక్టరు గొంతుతో మొదలుపెట్టాడు. "పాత స్టాండు... గడియారం... మందుల షాపు... స్కూలు గేటు... రాతి వంతెన..."

ఆ పేరు దగ్గర ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన లోపలికెళ్ళి ఐదో కొక్కెం మీదున్న గుడ్డసంచీ తెచ్చాడు. అందులో ఊలు ఉండ, రెండు సూదులు, సగం అల్లిన స్వెట్టరు. ఆమె అక్కడే నిలబడి, ఆగిపోయిన చోటునుంచే అల్లడం మొదలుపెట్టింది. వేళ్ళు ఒక్క కుట్టూ తప్పలేదు.

ఆమె వెళ్ళాక మేనేజరు కాసేపు కొక్కేల వంక చూశాడు. "రేపు రండి. ఎల్లుండీ రండి. ఆ కుర్చీ మీకే," అన్నాడు.

సాయంత్రం బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఈ మాట భార్యకు చెప్పాలి. వరసలో లేని మాట, ఒక్కటంటే ఒక్కటి. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడు ఆ బస్సులో కండక్టరు. "ఏంటి బాబాయ్, ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"రే... రే..." అని, రాతి వంతెన దాటుతుండగా, "రేపు" అన్నాడు. నవ్వాడు. తల కిటికీకి ఆనించాడు.

పాల డిపో దగ్గర ఆమె విజిల్ వేసింది. "బాబాయ్, దిగాలి." ఆయన లేవలేదు. స్టాపులో ఎదురుచూస్తున్న భార్య బస్సెక్కి, భుజం తట్టి, అలాగే పక్క సీట్లో కూర్చుండిపోయింది. నలుగురు కలిసి ఆయన్ను దించారు.

"వంతెన దగ్గర 'రేపు' అన్నాడు పిన్నీ, స్పష్టంగా. ఏం చెప్పబోయాడో మరి," అంది కండక్టరు ఏడుస్తూ.

"ఉద్యోగం ఉంచారన్నమాట," అంది ఆవిడ.

ఆ హడావుడిలో సీటు కిందే ఉండిపోయిన ఆయన అన్నం డబ్బా మర్నాడు ఆ గదికే వచ్చింది. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మేనేజరే దాన్ని తీసుకెళ్ళి ఆరో కొక్కేనికి, పాల డిపో కొక్కేనికి, తగిలించాడు. మూత సగమే తిప్పి ఉంది.